ఇంటి విజ్ఞానము: విద్యుత్తు బండి బ్యాటరీ

బాన్సువాడవంటి పట్టణములకు సైతము విద్యుత్తు స్కూటరు వచ్చినది. నడుపువా రెవరైనను, రాత్రి దానికి ఛార్జి పెట్టు పని తఱచుగా గృహిణిపైననే పడుచున్నది. కావున ఈ మాసము దాని బ్యాటరీని గూర్చి సోదరీమణులకు కొన్ని మాటలు విన్నవింతుము.

బ్యాటరీపై వోల్టు, ఆంపియర్-అవర్ అను రెండు లెక్కలుండును. బాన్సువాడ సీమవారికి నిజాంసాగరము చిరపరిచితము. జలాశయమున నీటిమట్ట మెంత యెత్తున నున్న కాలువలో నీ రంత వడిగా పాఱును. జలాశయ మెంత విశాలమైన నీ రన్ని దినములు వచ్చును. వోల్టు ఆ యెత్తు. ఆంపియర్-అవర్ ఆ వైశాల్యము.

బ్యాటరీ పెట్టె ఒకే వస్తువు గాదు, చిన్న సెల్లుల సమూహము. సాధారణ లిథియము-అయాను సెల్లు సుమారు 3.7 వోల్టులది. ఒకదాని వెనుక నొకటిగ పదమూడింటిని కలిపిన 48 వోల్టులగును. ప్రక్కప్రక్కన కలిపిన వోల్టులు పెరుగవు, నిలువ పెరుగును. 2.5 ఆంపియర్-అవర్ సెల్లులు పదేసి చొప్పున పదమూడు గుంపులైనచో 25 ఆంపియర్-అవర్ నిలువ యగును. రెంటిని గుణించిన 1,200. అనగా మన మీటరు లెక్కకు 1.2 యూనిట్లు.

ఇచ్చట నొక చిక్కు గలదు. లిథియము ఐరన్ ఫాస్ఫేటు సెల్లు 3.2 వోల్టులదే. పదునాఱు కలిపిన 51.2 వోల్టులగును. దీనిని గూడ అంగడిలో 48 వోల్టులదని పిలుచుట కలదు. నిండునప్పటికి మొదటిది 54.6, రెండవది 58.4 వోల్టులు. పేరొకటేయని రెండవదాని ఛార్జరును మొదటిదానికి తగిలించినచో, 4.2 వోల్టులు మించరాని సెల్లును దాదాపు 4.5 వఱకు నెక్కింపజూచును. లోపలి రక్షణ సాధనము చెడియున్నచో సెల్లు వేడెక్కి మండవచ్చును.

2022 ఏప్రిలులో నిజామాబాదున ఒక యింట ఛార్జి పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి, అచ్చట నిద్రించుచున్న వృద్ధు డొకరు మృతినొందిరి. ఆ ప్రమాదమునకు ఛార్జరే హేతువని మా మాట గాదు. ఛార్జి యగు బ్యాటరీ శయ్య చెంత నుండరాదని మాత్రము అది చాటుచున్నది.

కావున బండితో వచ్చిన ఛార్జరునే వాడుడు. క్రొత్తది కొనవలసివచ్చిన, సెల్లు జాతిని తెలిసికొని, ఛార్జరుపై వ్రాసిన వోల్టులను పాతదానితో సరిచూడుడు. పడకగదిలోను, గుమ్మమున కడ్డముగను ఛార్జి పెట్టకుడు. ఎండలో తిరిగివచ్చిన బ్యాటరీ చల్లారిన పిదపనే తీగ తగిలింపుడు. ఉబ్బినదానిని మరల ఛార్జి చేయక, ఇంటిలో నుంచక, పని తెలిసినవారి కప్పగింపుడు. పొయ్యి ఆర్పి పరుండుట మన తల్లులు నేర్పిన జాగ్రత్త. ఛార్జరు తీసి పరుండుట మన బిడ్డలకు మనము నేర్పవలసినది.