మిలిటరీ ట్రైలరుకు రంగు పూస్తే చాలదు

సికింద్రాబాద్ కంటోన్మెంటు చుట్టుపట్ల పల్లెలకు డిస్పోజల్ సామాను కొత్తేమీ కాదు. జీపులు, టార్పాలిన్లు, నీళ్ల డబ్బాలు, వాటితో పాటు రెండు చక్రాల సామాను ట్రైలర్లు వేలంలో చేతులు మారి రైతుల దొడ్లకు చేరడం చాలాకాలంగా ఉన్నదే. కొన్నాళ్లు వాడాక చెట్టు కింద పడేస్తారు. తొట్టిలో వాన నీరు నిలుస్తుంది, కోళ్లు గుడ్లు పెడతాయి. చివరికి తుక్కు వ్యాపారి వచ్చి కిలోల లెక్కన తూచుకుపోతాడు. ఇది నష్టమే. అయితే పై పైన రంగు పూసి రోడ్డెక్కించడం అంతకంటే పెద్ద నష్టం.

జీపు వెనుక కట్టే పావుటన్ను ట్రైలరును రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్, బాంటమ్ కంపెనీలు తయారుచేశాయి. మన దేశంలో మహీంద్రా వారు 1947లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టాక ఆ తరహా ట్రైలరు ఇక్కడి జనానికీ అలవాటయింది. వాగు దాటేటప్పుడు తేలేలా తొట్టిని నాలుగు వైపులా మూసి కట్టారు. నీరు పోవడానికి అడుగున బిరడాలు పెట్టారు. ఆ బిరడాలు బిగుసుకుపోతే అడుగు రేకు తుప్పు పట్టిపోతుంది. బాగుచేసేవారు మొదట చూడవలసింది అక్కడే. సామాను దించడానికి వీలుగా ఉంటుందని కొందరు వెనుక రేకును గ్యాసుతో కోయించి తలుపు పెట్టిస్తారు. దానితో తొట్టి బిగువు పోతుంది.

బరువు సంగతి మరీ ముఖ్యం. దారీ తెన్నూ లేని నేల మీద ఈ ట్రైలరు మోయవలసింది 500 పౌండ్లు, అంటే సుమారు 227 కిలోలు. వడ్ల బస్తా 75 కిలోలనుకుంటే మూడు బస్తాలు. పది బస్తాలు వేసి, పైన నలుగురు మనుషుల్ని కూర్చోబెట్టి, "మిలిటరీ ఇనుము, ఏమీ కాదు" అనుకోవడం పొరపాటు. ఆ ఇనుముకు వయసు మీద పడింది గదా!

చక్రాలు విప్పి, బేరింగులు కిరోసిన్‌తో కడిగి, గాడి పడినవి మార్చి కొత్త గ్రీజు పెట్టాలి. కమాను కట్టల్లో చిట్లిన పట్టీ ఉంటే వెల్డింగు చేయించకూడదు, మార్చాలి. జీపు హుక్కులో పడే ఇనుప కన్ను ఏళ్ల తరబడి అరిగి ఒక పక్క పలచబడుతుంది. అది తెగితే వెనుక వచ్చే సైకిలువాడి ప్రాణం పోతుంది. అందుకే రెండు గొలుసులు తప్పనిసరి. ట్రాక్టరు హుక్కు ఎత్తు, జీపు హుక్కు ఎత్తు ఒకటి కావు. ట్రైలరు ముక్కు పైకెత్తి నడిస్తే బరువు వెనక్కు పడి బండి ఊగులాడుతుంది. 6.00-16 సైజు అని ట్రాక్టరు ముందు టైరు తెచ్చి బిగిస్తారు. సైజు సరిపోయినా ఆ టైరు రోడ్డు వేగానికి చేసింది కాదు. దీపాల విషయం కూడా అంతే. పాత మిలిటరీ బండ్ల కరెంటు 6 ఓల్టులదో 24 ఓల్టులదో అయి ఉంటుంది, ట్రాక్టరుది 12. పాత తీగలు పీకి కొత్తవి వేసి, వెనుక ఎర్ర దీపాలు, మెరిసే పట్టీలు పెట్టించాలి. చీకట్లో దీపం లేని ట్రాలీని గుద్దుకొని పోయిన వారి సంగతి ఏ ఊరిలో అడిగినా చెబుతారు.

ఇక రంగు. అసలు రూపం తేవాలన్న సరదాతో ఆలివ్ గ్రీన్ పూయించేవారు ఒకటి తెలుసుకోవాలి. 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం రక్షణ శాఖ బండ్లకు తప్ప మరే బండికీ ఆ రంగు వేయరాదు. ట్రైలరు కూడా చట్టం దృష్టిలో మోటారు వాహనమే. కనుక వేలం కాగితం పారేసుకోకుండా రిజిస్ట్రేషను చేయించుకోవలసిందే. 2021లో ప్రభుత్వం 50 ఏళ్లు దాటిన పాత బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషను తెచ్చింది గాని అది రెండు, నాలుగు చక్రాల బండ్లకే. దానికి 20 వేల రూపాయల ఫీజు పెట్టారు. పేదవాడి ట్రైలరుకు అక్కడ చోటు లేదు.

ఇంత పని పల్లెటూరి వెల్డింగు షాపులో జరుగుతుందా? కొంత జరుగుతుంది. మిగతాది నేర్చినవారు చూడాలి. ఘట్‌కేసర్ వైపు నుంచి సికింద్రాబాద్ వెళ్లే రైతు తార్నాక మీదుగానే పోతాడు. ఆ పక్కనే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నది. అక్కడి ఇంజనీరింగ్ కళాశాల 1929 నాటిది. పల్లె బిడ్డలెందరో చదివిన చోటు. ఫిట్టింగు, వెల్డింగు నేర్చే విద్యార్థులు చదువు కోసం ఇనుప ముక్కలు అతికి పారేసే బదులు ఒక రైతు ట్రైలరు ఇరుసు విప్పి చూస్తే వారికే మేలు. జాతీయ సేవా పథకం కింద ఏడు రోజుల శిబిరాలు పల్లెల్లో జరుగుతూనే ఉంటాయి. మొక్కలు నాటడం మంచిదే. వాటిలో ఒక శిబిరాన్నైనా ట్రాలీల హుక్కులు, దీపాలు, బేరింగులు చూడడానికి కేటాయిస్తే తప్పేమిటి? సామాను ఖర్చు రైతు పెట్టుకుంటాడు.

పాత బండిని కాపాడుకోవడం మన నగరానికి తెలియనిది కాదు. 1932లో నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలయింది. ఆ నాటి ఆల్బియన్ బస్సు ఒకదానిని ఆర్టీసీ వారు నేటికీ భద్రంగా ఉంచారు. అది చూపుకు పెట్టిన బండి. రైతు దొడ్లోది పనికి రావలసిన బండి. వచ్చే కోతల లోపు కనీసం హుక్కు కన్ను, గొలుసులు, వెనుక దీపాలు ఈ మూడూ చూసే ఏర్పాటు విశ్వవిద్యాలయం వారు, రవాణా శాఖ వారు కలిసి ఒక్క మండలంలోనైనా మొదలుపెట్టాలి.