తెలుగులో బండి గురించి చెప్పేదెవరు?

మా పొన్నూరులో కారు కొనేవాడు మెకానిక్‌నీ, బావమరిదినీ, షోరూం కుర్రాణ్ణీ అడుగుతాడు. ముగ్గురూ మైలేజీ గురించే చెప్తారు. ఎయిర్‌బ్యాగుల ఊసే ఉండదు.

2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు ఆల్టో 800, నానో, ఐ10, ఫిగో, పోలోల్లో ఎయిర్‌బ్యాగుల్లేని మోడళ్ళని గంటకి 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసిన ఫలితాలు బయటపెట్టారు. పెద్దవాళ్ళ రక్షణలో అయిదింటికీ సున్నా స్టార్లే! మా గుంటూరు రోడ్డు మీద ఆటోని దాటడానికి ఎవడైనా పోయే స్పీడే అది.

ఇలాంటివి జనానికి అర్థమయ్యేలా చెప్పడం కూడా ఒక ఉద్యోగమేనండీ. ఎన్డీటీవీలో సిద్ధార్థ్ పాటంకర్ కార్ల గురించీ, రాజీవ్ మఖ్నీ ఫోన్ల గురించీ చెప్పే పేరు తెచ్చుకున్నారు. తెలుగులో కంప్యూటర్ల వరకూ నల్లమోతు శ్రీధర్ గారు ఆ పని చేశారు. 'కంప్యూటర్ ఎరా' సంపాదకుడిగా రాశారు, తర్వాత యూట్యూబులోనూ చెప్పారు. ఇంగ్లీషు రానంతమాత్రాన తెలివి లేదనుకోకుండా చెప్పడం ఆయనలో నాకు నచ్చింది.

మరి బండ్లకి? ఈటీవీ 'అన్నదాత' చూసి ఎరువు మార్చిన రైతుని, లక్షలు పోసే కారు దగ్గర మాత్రం ప్రకటనలకి వదిలేశారు మన చానళ్ళవాళ్ళు.

యూట్యూబులో ఇప్పుడు తెలుగు రివ్యూలకి కొదవలేదు. కానీ ఏది సొంత మాటో, ఏది డబ్బులు తీసుకున్న పొగడ్తో ఎలా తెలుస్తుంది? మా ఆఫీసులో కోడ్ రాసినవాడే "బావుంది" అంటే ఎవరూ ఒప్పుకోరు, టెస్టర్ వేరే ఉండాల్సిందే. కంపెనీ ఇచ్చిన కారైతే ఆ ముక్క మొదటి నిమిషంలోనే చెప్పమనండి, చివరిదాకా చూస్తాను.