ఊరూరా ‘వైన్స్’.. వైన్ మాత్రం కరువు! ఇంట్లో పార్టీకి రెడ్ వైన్ ఎంచుకోవాలంటే ఇవి చూడాల్సిందే

రామన్నపేటలోనే కాదు, తెలంగాణలో ఏ మండల కేంద్రానికి వెళ్లినా ‘వైన్స్ ఎక్కడ?’ అంటే ఎవరైనా దారి చూపిస్తారు. అక్కడికెళ్లి ‘మంచి రెడ్ వైన్ ఇవ్వండి’ అంటేనే అసలు చిక్కు. చాలా షాపుల్లో విస్కీ, బ్రాందీ, బీరు వరుసల పక్కన ఒకటో రెండో వైన్ సీసాలుంటాయి. అవి కూడా చాలాసార్లు తియ్యటి పోర్ట్ వైనే. నలుగురు ఫ్రెండ్స్‌ని ఇంటికి పిలిచి రకరకాల రెడ్ వైన్లు రుచి చూద్దామనుకునే వాళ్లకు ఛాయిస్ షాపులోనే సగం అయిపోతోంది. ఎందుకిలా?

వైన్స్‌లో వైన్ ఎందుకుండదు?

రాష్ట్రంలో ఉన్నవి 2,620 వైన్ షాపులు. 2025 డిసెంబర్ 1 నుంచి 2027 నవంబర్ 30 దాకా నడిచే లైసెన్సుల కోసం 95 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో దరఖాస్తుకు రూ.3 లక్షలు.. షాపు రాకపోయినా ఆ డబ్బు తిరిగి రాదు. వచ్చినవాళ్లు ఆ పైన లైసెన్స్ ఫీజు కట్టాలి. రెండేళ్లలో పెట్టుబడి రాబట్టుకోవాల్సిన ఓనర్ సహజంగానే రోజూ కదిలే సరుకే పెడతాడు. పైగా స్టాక్ మొత్తం బేవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచే రావాలి.

ఫారిన్ సీసా ఎందుకంత రేటు?

విదేశీ వైన్‌పై కస్టమ్స్ సుంకం ఏకంగా 150 శాతం. 2022 డిసెంబర్ 29న అమల్లోకి వచ్చిన ఆస్ట్రేలియా ఒప్పందంతో కొంత తగ్గింది. కానీ సీసా దిగుమతి ధర కనీసం 5 డాలర్లు ఉంటేనే సుంకం 100 శాతానికి, 15 డాలర్లు దాటితే 75 శాతానికి దిగింది. మిగతాది పదేళ్లలో మెల్లగా తగ్గుతుంది. దానిపై రాష్ట్ర పన్నులు ఎలాగూ ఉంటాయి. అంటే విదేశీ సీసాకు పెట్టే డబ్బులో పెద్ద భాగం పన్నులకే పోతోంది. అదే ఖర్చుకు మన దేశపు వైన్‌లో పై రకం దొరికే అవకాశం ఎక్కువ. నాసిక్‌లో సులా, బెంగళూరు దగ్గర నందిహిల్స్‌లో గ్రోవర్, సోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రాటెల్లి.. ఇవన్నీ పక్క రాష్ట్రాలవే.

లేబుల్ మీద ఏం చూడాలి?

మొదట ద్రాక్ష పేరు. షిరాజ్, క్యాబర్నే సావినాన్, మెర్లో లాంటి పేరుంటే ఏం కొంటున్నామో తెలుస్తుంది. పోర్ట్ అని ఉంటే అది వేరే తరహా, తియ్యగా ఉంటుంది.

రెండోది సంవత్సరం. ‘వైన్ ఎంత పాతదైతే అంత మంచిది’ అన్నమాట అన్నింటికీ వర్తించదు. మామూలు ధర రెడ్ వైన్లు కొన్నేళ్లలోనే తాగేయాలి. అందులోనూ నల్గొండ ఎండలకు ఏసీ లేని షాపులో రెండు వేసవులు నిలబడ్డ సీసా రుచి పోగొట్టుకుంటుంది. ఎండ తగిలే అరలో ఉన్నది, కార్క్ పైకి ఉబ్బినది వద్దే వద్దు.

మటన్‌తో ఏది?

నేరేడు పండు తిన్నాక నాలుక పట్టేసినట్టు ఉంటుంది కదా.. రెడ్ వైన్‌లో ఆ వగరును టానిన్ అంటారు. వగరు ఎక్కువున్న వైన్‌తో కారం తింటే మంట ఇంకా పెరుగుతుంది. మన మటన్, నాటుకోడి కూరలకు వగరు తక్కువున్న మెర్లో నయం. గట్టి క్యాబర్నేకు కారం తక్కువేసి కాల్చిన మాంసం సరిపోతుంది.

టేస్టింగ్‌కు నాలుగు రకాలు చాలు. ఒక్కొక్కరికి 50 ఎంఎల్ చొప్పున పోస్తే 750 ఎంఎల్ సీసా 15 మందికి వస్తుంది. తేలికవి ముందు, ఘాటువి చివర. సీసాలకు పేపర్ చుట్టి నంబర్లు వేస్తే రేటు చూసి కాకుండా రుచి చూసి మార్కులు పడతాయి. రెడ్ వైన్ ‘రూమ్ టెంపరేచర్’లో తాగాలంటారు కానీ, ఆ లెక్క 16–18 డిగ్రీలది. మన దగ్గర అరగంట ఫ్రిజ్‌లో పెట్టాల్సిందే.

రూల్స్ మరిస్తే కేసే

గోవా, మహారాష్ట్రల్లో చవక అని అక్కడి నుంచి తెస్తే ఇక్కడ సుంకం కట్టని మద్యం కిందికొస్తుంది. విదేశాల నుంచి వచ్చేవాళ్లు సుంకం లేకుండా తెచ్చుకోగలిగేది 2 లీటర్లే. పెద్ద పార్టీ అయితే ఎక్సైజ్ శాఖ ఈవెంట్ పర్మిట్ సంగతి ముందే తేల్చుకోవాలి. 2024 అక్టోబర్‌లో జన్వాడ ఫామ్‌హౌస్ పార్టీపై ఎక్సైజ్ కేసు నమోదైన విషయం తెలిసిందే. రాష్ట్రంలో 21 ఏళ్లు నిండని వారికి మద్యం అమ్మకూడదు.

మొత్తంగా చూస్తే ఇక్కడ వైన్ ఎంపికను రుచి కంటే ముందు లైసెన్స్ ఫీజు, సుంకం, ఎండ తేల్చేస్తున్నాయి. అందులో కొనేవాళ్ల చేతిలో ఉన్నది ఒక్కటే.. కావాల్సిన ద్రాక్ష పేరు చెప్పి అడగడం. గిరాకీ ఉందని తెలిస్తేనే ఓనర్ స్టాక్ తెప్పిస్తాడు.

(మద్యపానం ఆరోగ్యానికి హానికరం. ఎంత తక్కువైనా సురక్షితం అని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టం చేసింది.)