మట్టివాసనలో మందులంగడి

మొన్న తొలకరి జల్లు పడిన సాయంత్రం మా అమ్మ కిటికీ దగ్గర కుర్చీ వేయించుకుని, “యెంత కమ్మని వాసనరా!” అంది. పదిహేను రోజుల జ్వరం తర్వాత ఆవిడ నోట విన్న మొదటి సంతోషపు మాట అది.

ఆ జ్వరం కథలో దోషం నాదే. నిరుడు డాక్టరు వారం రోజులకని రాసిన మాత్రలు, నలత తగ్గగానే మూడో రోజున మానిపించాను. మిగిలినవి బీరువాలో దాచాను. యీసారి జ్వరం రాగానే అవే వేశాను. తగ్గలేదు. కల్చరు పరీక్ష చూసి డాక్టరుగారు, “మాస్టారూ, యీ క్రిమికి మీ మందు అలవాటై పోయింది” అన్నారు. వేరే మందు దొరికింది గనుక గండం గడిచింది. దొరకని వాళ్ళ గతి యేమిటి?

ఆ ప్రశ్నకు జవాబు కొంత యీ మట్టివాసనలోనే వుంది. ఆ వాసన జియోస్మిన్ అనే పదార్థానిది. దాన్ని ముఖ్యంగా తయారు చేసేవి స్ట్రెప్టోమైసిస్ అనే మట్టి బాక్టీరియాలు. మనకు తెలిసిన యాంటీబయాటిక్కులలో చాలా భాగం వీటి చలవే. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు సారథ్యం వహిస్తున్న రోజుల్లో, బెంజమిన్ డగ్గర్ అనే డెబ్భై దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు మిస్సోరీ పొలం మట్టిలోని యిటువంటి జీవి నుంచే ఆరియోమైసిన్‌ను రాబట్టాడు. 1948లో అది లోకానికి వెల్లడైంది. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు.

తర్వాత తర్వాత యెంత మట్టి తవ్వినా దొరికిన మందులే మళ్ళీ దొరకసాగాయి. గని వట్టిపోయిందనుకున్నారు. కాని 2002లో స్ట్రెప్టోమైసిస్ సీలికలర్ అనే జీవి జీనోమ్‌ను పూర్తిగా చదివేసరికి ఆశ్చర్యపోయారు. సుమారు 87 లక్షల అక్షరాలు, 7,800 పైచిలుకు జన్యువులు! వాటిలో యిటువంటి పదార్థాలు తయారుచేసే జన్యువుల గుంపులు యిరవైకి పైగా వున్నాయి. అంతకు ముందు తెలిసినవి కొన్నే. వంటవాడికి యిరవై వంటలు వచ్చు. మనం తిన్నవి నాలుగైదు.

చదివినంత మాత్రాన పదార్థం తెలుస్తుందా? కొంతవరకు తెలుస్తుంది. కొన్ని పెప్టైడ్లు పూలదండ గుచ్చినట్లు తయారవుతాయి. ఒక్కొక్క పనివాడు ఒక్కొక్క ఎమినో ఆమ్లాన్ని చేర్చి పక్కవాడికి అందిస్తాడు. ఆ పనివాళ్ళ వరస జన్యువులలో రాసి వుంటుంది. పద్యానికి అర్థం తెలియకపోయినా న, జ, భ, జ, జ, జ, ర గణాలు కనబడితే చంపకమాల అని మా విద్యార్థులు చెప్పగలరు కదా! యిదీ అటువంటిదే.

గ్రెగరీ ఛాలిస్, రావెల్ అనే శాస్త్రజ్ఞులు 2000లోనే సీలికలర్‌లో ఒక వరస చూసి, పనివాళ్ళు ముగ్గురు గనుక మూడు ఆమ్లాల పెప్టైడ్ వస్తుందని వూహించారు. 2005లో ఛాలిస్ బృందం ఆ జీవిని యినుము లేని ఆహారంలో పెంచి, ఆ పదార్థాన్ని పట్టుకుంది. పేరు సీలికెలిన్. చూస్తే అందులో ఆమ్లాలు నాలుగు! ఒక పువ్వునే రెండుసార్లు గుచ్చారన్న మాట. గణాలు చూసి పద్యం పేరు చెప్పవచ్చు గాని, పద్యం విన్నాకనే అందులోని చమత్కారం తెలుస్తుంది.

సీలికెలిన్ మందు కాదు. చుట్టుపక్కల యినుమును పట్టి జీవికి అందించే సాధనం. ఐనా దారి చూపింది. మొలకెత్తని గింజల్లా పడివున్న జన్యువులను చదివి, వాటిని మేల్కొలిపి, కొత్త పదార్థాలు రాబట్టవచ్చునని తేలింది. నేడు కంప్యూటర్లు వేలకొద్దీ జీనోములను యిలా గాలిస్తున్నాయి.

అయితే వరస చదివిన రోజునే మందు చేతికి రాదు. తీయాలి, విషం కాదని తేల్చాలి, రోగుల మీద పరీక్షించాలి; యేళ్ళు పడుతుంది. ఉన్న మందును చెడగొట్టడానికి నాలాంటి మాస్టారు, ఒక బీరువా చాలు. మన డెల్టా రొయ్యల చెరువులలో క్లోరాంఫెనికాల్ వంటి మందులు వాడరాదని నిషేధం పెట్టడానికి ఒక కారణం యీ భయమే.

చీకటి పడింది. అమ్మకు మాత్ర వేళయింది. “తగ్గిపోయిందిగా, యింకెందుకురా?” అంది. “యింకా రెండు రోజులుందమ్మా” అని నీళ్ళు అందించాను. బీరువా మాత్రం ఖాళీ చేసేశాను.