సుత్తి పట్టిన చేతికి చదువేదీ?

కారు నడపాలంటే లైసెన్సు కావాలి. కారుకు బీమా కావాలి, పొగ పరీక్ష ధ్రువపత్రం కావాలి. ప్రమాదం జరిగితే నష్టం లెక్కగట్టే సర్వేయర్‌కు సైతం బీమా నియంత్రణ సంస్థ లైసెన్సు తప్పనిసరి. కానీ నుజ్జయిన ఆ కారును మళ్లీ రోడ్డెక్కించే మనిషికి మాత్రం ఏ కాగితమూ అక్కర్లేదు. ఒక షెడ్డు, గ్యాస్ వెల్డింగ్ సెట్టు, నాలుగు సుత్తులు, రెండు డబ్బాల లప్పం ఉంటే చాలు. విజయవాడ ఆటోనగర్ నుంచి ముంబై కుర్లా దాకా ఇదే తీరు.

తెలుగునాట ఈ పనిని టింకరింగ్ అంటారు. దీనికి బడి షెడ్డే, పంతులు మేస్త్రీయే. చదువు మానేసిన కుర్రాడు మొదట టీలు మోస్తాడు, తర్వాత ఎమరీ కాగితంతో రుద్దుతాడు, కొన్నేళ్లకు గానీ సుత్తి చేతికి రాదు. ఈ పద్ధతిని తీసిపారేయలేం. రేకు మీద అరచెయ్యి ఆనించి కంటికి కనిపించని సొట్టను పట్టుకునే నేర్పు ఏ పాఠ్యపుస్తకమూ ఇవ్వదు. చిక్కల్లా మేస్త్రీ నేర్చుకున్న నాటి కారు ఇప్పుడు లేకపోవడమే.

ముందు నుంచి, పక్క నుంచి ఢీకొట్టి చూసే భద్రతా పరీక్షలు 2017 అక్టోబర్‌లో కొత్త మోడళ్లకు, 2019 అక్టోబర్‌లో అన్ని కార్లకు తప్పనిసరి అయ్యాయి. 2023లో భారత్ ఎన్‌క్యాప్ నక్షత్రాల రేటింగ్ వచ్చింది. వీటిలో నెగ్గేందుకు కంపెనీలు బాడీలో అతిదృఢమైన ఉక్కు వాడుతున్నాయి. ఢీకొన్నప్పుడు కారు ముందు భాగం నలిగి దెబ్బను మింగాలి, మనుషులు కూర్చునే భాగం మాత్రం చెక్కుచెదరకూడదు. ఈ ఉక్కును గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి సాగదీస్తే ఆకారం వస్తుంది, బలం పోతుంది. పైన రంగు తళతళలాడుతుంది కాబట్టి యజమానికి అనుమానం రాదు. లోపం బయటపడేది రెండో ప్రమాదంలోనే. ఒక్క 2022లోనే దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఇలాంటి రోడ్ల మీద రెండో ప్రమాదం ఊహాజనితమేమీ కాదు.

పనివాడి ప్రాణానికీ పూచీ లేదు. కారు రంగుల్లో కలిపే హార్డ్‌నర్లలోని ఐసోసైనేట్లు ఉబ్బసం తెచ్చిపెడతాయి. ముక్కుకు కట్టుకున్న చేతిరుమాలు వాటిని ఆపలేదు. ఇక విద్యుత్ కార్లలో నారింజ రంగు తీగను తెలియక కోస్తే అసలుకే మోసం.

చదువు బొత్తిగా లేదని కాదు. 1950లో మొదలైన వృత్తి శిక్షణ పథకం కింద ఐటీఐలలో ఆటో బాడీ రిపేర్, ఆటో బాడీ పెయింటింగ్ పేరుతో ఏడాది కోర్సులున్నాయి. ప్రపంచ నైపుణ్య పోటీల్లో ఈ రెండూ విడివిడి విభాగాలు. టయోటా వంటి కంపెనీలు ఐటీఐలతో కలిసి బాడీ, పెయింటు పనులు నేర్పాయి. అయితే ఇలా నేర్చినవారికి సహజంగానే కంపెనీల సర్వీసు సెంటర్లే గమ్యం. వీధి చివరి షెడ్డుకు ఈ చదువు చేరదు.

చట్టమూ అక్కడిదాకా రాదు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే. నలుగురి నుంచి 29 మంది దాకా ఉంటే అది వారి ఇష్టం. ఒక మేస్త్రీ, ఇద్దరు కుర్రాళ్లున్న షెడ్డు ఈ లెక్కలోకే రాదు. అంటే నేర్పేవాళ్లు ఎక్కువగా ఉన్నచోటే నేర్చుకునేవాడికి స్టైపెండూ లేదు, సర్టిఫికెట్టూ లేదు.

2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన దీనికి ఒక దారి చూపింది. పనిలోనే నేర్చుకున్నవారి నైపుణ్యాన్ని పరీక్షించి, కొద్దిపాటి శిక్షణతో ధ్రువపత్రం ఇవ్వడం అందులో భాగం. ఆలోచన మంచిదే. కానీ ఆ కాగితం చూపితే కూలి ఒక్క రూపాయి కూడా పెరగనప్పుడు మేస్త్రీ పని మానుకుని క్లాసుకు ఎందుకొస్తాడు?

మీట బీమా కంపెనీల చేతిలో ఉంది. మరమ్మతు బిల్లు వారు చెల్లించే చోట, సర్వేయర్ ప్రధానంగా చూసేది నష్టమెంత, విడిభాగం ధరెంత, కూలి ఎంత అన్నదే. వెల్డింగ్ ఎవరు చేశారు, ఏ పద్ధతిలో చేశారు అన్నదానికీ విలువ కడితే ధ్రువపత్రానికి గిరాకీ దానంతటదే పుడుతుంది. అయితే వరుస తప్పకూడదు. సర్టిఫికెట్ ఉన్నవారికే క్లెయిమ్ అని రేపే నిబంధన పెడితే లాభపడేది పెద్ద షోరూములు, వీధిన పడేది చిన్న షెడ్లు. ముందు ఆటోనగర్లలోనే సాయంత్రం వేళ, వారికర్థమయ్యే భాషలో, వారు వాడే పనిముట్లతోనే శిక్షణ ఇవ్వాలి. కొలతల బెంచీ, స్పాట్ వెల్డింగ్ యంత్రం ఒక్కో షెడ్డూ కొనలేదు కాబట్టి పది షెడ్లకు ఉమ్మడిగా సమకూర్చాలి. నిబంధన ఆ తర్వాత.

మేస్త్రీకి పని రాదని ఎవరూ అనడం లేదు. కారు మారిన సంగతి అతడికి ఎవరో ఒకరు చెప్పాలి. ఆ బాధ్యతను ఇప్పటిదాకా ఎవరూ నెత్తికెత్తుకోలేదు.