తీరపు గాలికి లెక్క కావాలి



ఈ సంచిక మన శ్రీకాకుళం తీరపు గాలి గురించి. చిత్తడి నేలలైన సోంపేట బీల కోసం 2010లో, కాకరాపల్లి తంపర కోసం 2011లో మనవాళ్లు ప్రాణాలొడ్డారు. అక్కడ తలపెట్టిన థర్మల్ విద్యుత్ కేంద్రాలను ఆనాడు వాళ్లు ఎందుకు వద్దన్నారో ఇప్పుడు మళ్లీ చదవాలి. తంపరకు దగ్గర్లోనే తేలినీలాపురం, ఏటా గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ గూళ్లు కట్టుకునే ఊరు. ఇదే తీరంలో 2023లో మూలపేట రేవుకూ శంకుస్థాపన జరిగింది.

2009 జాతీయ గాలి నాణ్యతా ప్రమాణాల ప్రకారం ఘనపు మీటరు గాలిలో, థర్మల్ కేంద్రాల పొగలో ఉండే సల్ఫర్ డయాక్సైడ్ ఏడాది సగటు 50 మైక్రోగ్రాములు దాటకూడదు. కేంద్రం పర్యావరణపరంగా సున్నితమని ప్రకటించిన చోట ఆ హద్దు 20. ప్రకటన లేకపోతే ఆ రక్షణా లేదు. ఇది మాకు మింగుడుపడని సంగతి.

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలు జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలోకి ఎక్కాయి. కానీ పట్టణంలో కొలిస్తే తీరం సంగతి తెలియదు. కెరటాల ఉప్పు తుంపర కూడా ధూళికణాల లెక్కలోకి వస్తుంది. పొగ వాటా ఎంతో, ఉప్పు వాటా ఎంతో తేలాలంటే బీలల గట్టునే ఏళ్ల తరబడి కొలవాలి. ఈ సంచికలోని రచనలన్నీ అడిగేది అదే. యంత్రం చూపే అంకెలతో పాటు నౌపడ ఉప్పు మళ్లలో పనిచేసేవాళ్ల మాటలకూ చోటిచ్చాం. మీ ఊరి గాలి గురించి మీరూ రాయండి, వేస్తాం.