ఆధారం ఎవరిది?

వికీపీడియా గురించి మన సంఘాల్లో రెండు మాటలు వింటుంటాను. ఎవరు పడితే వాళ్లు రాసేదాన్ని ఎలా నమ్ముతాం అనేది ఒకటి. అందులో ఉందంటే నిజమే అయ్యుంటుంది అనేది రెండోది. కరపత్రం రాయాల్సి వస్తే మొదటి మాట అన్నవాళ్లు కూడా దాన్నే తెరుస్తారు! నాకు రెండింటితోనూ పేచీ ఉంది. అక్కడ ఎవరైనా రాయొచ్చు గానీ, రాసినదానికి అచ్చయిన ఆధారం చూపాలి. సొంత పరిశోధన పనికిరాదు. వివాదం ఉన్నచోట, నమ్మదగిన ఆధారాల్లో ఏ వాదనకు ఎంత బలముంటే దానికి అంత చోటివ్వాలి. వినడానికి న్యాయంగానే ఉంది. చిక్కల్లా ఆ ఆధారాలను ఎవరు తయారు చేశారన్న దగ్గరే.

1978 మార్చిలో హైదరాబాద్ నల్లకుంట పోలీసు స్టేషన్‌లో ఒక ముస్లిం స్త్రీపై పోలీసులు అత్యాచారం చేశారు. రిక్షా తొక్కే ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. విచారణ జరిపిన జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులనే దోషులని తేల్చింది. కానీ కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు బదిలీ అయింది, 1981లో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. కమిషన్ ముందు పోలీసుల తరఫు వాళ్లు ఆమెను వేశ్యగా చిత్రించారు. ఆ మాటలూ రికార్డుకెక్కాయి.

ఇప్పుడు దీనిమీద ఎవరైనా వ్యాసం రాయబూనితే ఏమవుతుంది? కమిషన్ అలా అంది, కోర్టు ఇలా అంది, పోలీసుల వాదన ఇది అని మూడు ముక్కలు పక్కపక్కన పెట్టి తటస్థంగా రాశామంటారు. ఒక పక్షానికి స్టేషన్ రికార్డులు, పత్రికా ప్రకటనలు, ప్లీడర్లు ఉన్నారు. రెండో పక్షానికి ఉన్నది ఒక స్త్రీ నోటిమాట. అదీ కమిషన్ రాసుకున్నంత మేరకే. ఇలాంటి చోట సమానంగా చూడడమంటే బలవంతుడి వైపు మొగ్గడమే.

అలాగని ఆధారాల నియమం ఎత్తేయమని నేననను. అది లేకపోతే ఆమె మీద వేసిన నింద ఏ ఆధారమూ లేకుండా రోజుకో రూపంలో అక్కడ కనిపించేది. బతికున్న మనుషుల గురించి ఆధారం లేని వివాదాస్పదమైన మాటను వెంటనే తీసేయాలన్న నియమం కూడా ఉంది. అది మనకు రక్ష.

అయితే ఏది చాలినంత ఆధారమో తేల్చేదెవరు? 2011లో జరిగిన సర్వేలో అక్కడ రాసేవాళ్లలో స్త్రీలు పదోవంతు కూడా లేరు. 2018 మేలో డోనా స్ట్రిక్‌లాండ్ అనే భౌతిక శాస్త్రవేత్త మీద రాసిన వ్యాసాన్ని ఆధారాలు చాలవని తిప్పికొట్టారు. అదే ఏడాది అక్టోబరులో ఆమెకు నోబెల్ వచ్చింది. అంతటి పండితురాలి గతే అది. ఇక దళితవాడలో సారా దుకాణం మూయించిన స్త్రీ సంగతి చెప్పాలా?

కొన్నిచోట్ల ఆధారం ఉండడమే ముప్పు. 2024 ఆగస్టులో కలకత్తా ఆసుపత్రిలో అత్యాచారానికి, హత్యకు గురైన డాక్టర్ పేరు, ఫొటో వికీపీడియాలో పెట్టారు. బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం మన చట్టంలో నేరం. సెప్టెంబరులో సుప్రీంకోర్టు వాటిని తీసేయమని ఆదేశించాల్సి వచ్చింది. పత్రికల్లో వచ్చినంత మాత్రాన రాయదగినది అయిపోదు. నల్లకుంట స్త్రీ పేరు ఒకప్పుడు అందరి నోటా ఉండేది. నేనిక్కడ రాయలేదు.

స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వేయకముందు తెలంగాణ సాయుధ పోరాటంలో స్త్రీల మాటలకు ఇలాంటి ఆధారం ఎక్కడుంది? ఇళ్లకు వెళ్లి, కూచుని, అడిగి, అచ్చువేశారు. ఇవాళ ఎవరైనా ఉదహరించగలుగుతున్నారంటే అందువల్లే. నోటిమాటల రికార్డింగులనే ఆధారంగా తీసుకునే ప్రయోగం 2011లో మన దేశంలోనూ, దక్షిణాఫ్రికాలోనూ జరిగింది గానీ అది నియమంగా స్థిరపడలేదు. దానికోసం అడుగుతూనే ఉండాలి. ఈలోగా మన బీరువాల్లో ఉన్న నిజనిర్ధారణ నివేదికలు తీయండి. చాలావాటి మీద తేదీ ఉండదు, వెళ్లినవాళ్ల పేర్లుండవు. అవి రాసి, ఒక ప్రతి గ్రంథాలయానికి ఇవ్వండి. మనం వేసుకున్న కరపత్రాన్ని అక్కడ గట్టి ఆధారంగా ఒప్పుకోరు కాబట్టి పత్రికలవాళ్లకూ, విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేసే అమ్మాయిలకూ ఇంకో ప్రతి అందేలా చూడండి. మాట్లాడిన స్త్రీ ఒప్పుకుంటేనే పేరు వేయండి. వద్దంటే ఊరి పేరు కూడా తీసేయండి.